బియ్యం లేని ఎసరు

నేను ఒక గుండిగను. నిఖార్సయిన ఇత్తడిదాన్ని. నూటయాభై మందికి ఒక్క వాయిలో అన్నం వండిపెట్టగలను. ఇది గొప్పలు చెప్పుకోవడమే, కాదనను!

ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని పుట్టాను. మొదట ఒక మోతుబరి ఇంట పెళ్లిళ్లన్నీ నావే. అక్కడ వండినదాంట్లో సగం పారబోస్తేనే పరువుగా ఉండేది. వాళ్లు స్టీలు మోజులో పడి నన్ను అమ్మేస్తే, సముద్రం దగ్గరి ఒక పల్లెలో చర్చి స్త్రీల సమాజం వాళ్లు కొనుక్కున్నారు. అప్పట్నుంచి ఏటా క్రిస్మస్ ప్రేమవిందు నాదే.

ఒక నవంబరులో తుపాను విరుచుకుపడింది. ఉప్పెన ఇళ్లను ముంచేస్తే డెబ్బై మంది చర్చిలో తలదాచుకున్నారు. మూడో రోజుకి గింజ లేదు. తొమ్మిది రోజుల బాలింత కరుణకు పాలు ఇంకిపోయాయి. పసిదాని ఏడుపు సన్నబడిపోయింది. అది వింటూ ఖాళీగా పడి ఉండటం నావల్ల కాలేదు.

కరుణ తల్లి సువార్తమ్మ ప్రార్థన ముగించి లేచింది. "అటక మీద కట్టెలు దింపండి. ఎసరు పెడదాం."

అవి క్రిస్మస్ కోసం దాచినవి. ఊరు మొత్తానికి పొడిగా మిగిలినవి అవే. సంఘ పెద్ద పరంజ్యోతి గారు అడ్డుపడ్డారు. "బియ్యమేయి సువార్తమ్మా? ఉన్న కట్టెలు కాస్తా తగలేస్తే, రేపు బియ్యమొచ్చినా దేంతో వండుతావు?"

"ఎడారిలో ఆకలిగొన్నోళ్లకి ఆకాశం నుంచి మన్నా కురిపించిన దేవుడికి మనకింత బియ్యం పంపటం ఒక లెక్కా పెద్దయ్యగారూ? ఆయన పంపుతాడు. మనం పొయ్యన్నా వెలిగించొద్దా?"

నిజం చెప్పొద్దూ, నేను పరంజ్యోతి గారి పక్షమే. బియ్యం జాడ లేకుండా నన్ను పొయ్యెక్కించినవాళ్లు అంతవరకు లేరు.

వాన నీళ్లు పోశారు. ఎసరు మరిగింది. తగ్గితే మళ్లీ పోశారు. పొగ చర్చి గోపురం దాటి ఆకాశానికి లేచింది. కట్టెలు మూడే మిగిలాయి. చూడలేక పరంజ్యోతి గారు బయటికి వెళ్లిపోయారు. వెళ్లినాయన కేక పెట్టారు.

"పడవ! పడవొస్తందర్రా!"

నలుగురు బెస్తవాళ్లు, మూడు బియ్యం బస్తాలు! అబ్బ, నా ఒళ్లంతా గంటలా మోగిపోయింది!

"ఇటేపు ఎవరూ మిగల్లేదన్నారమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "అవతల ఊరికి పోతా పోతా పొగ చూసి తిప్పాం." తర్వాత మొహమాటంగా, "మాక్కూడా ఓ ముద్ద పెడతారా? నిన్నట్నుంచి బియ్యం మీదే కూర్చున్నాం గానీ, ఎక్కడా పొయ్యి వెలగలేదు," అన్నాడు.

"ఎసరు కాగే ఉంది, రండి నాయనా!" అంది సువార్తమ్మ.

బియ్యం నాలో పడ్డాయి. అయితే అన్నం సగం ఉడికేసరికి కట్టెలు అయిపోయాయి. పరంజ్యోతి గారి భయం ఊరికే కాదన్నమాట. ఆయన ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లి, తాను తప్ప ఎవరూ కూర్చోని చేతుల కుర్చీని తెచ్చి, గొడ్డలితో చీల్చి నా కింద పెట్టారు.

మొదటి గంజి కరుణకు వెళ్లింది. సాయంత్రానికి పసిది చర్చి దద్దరిల్లేలా ఏడ్చింది. ఒక బిడ్డ అంత గట్టిగా ఏడుస్తుంటే ఊరంతా నవ్వడం నేను చూసింది ఆ రోజే.