షహీదుకు స్నానం

రుమైథియాలోని ఆ ఇంట్లో యుద్ధం గురించిన వాదనలన్నీ వంటింట్లోనే జరిగేవి. ఇరాకు సైన్యం కువైటును మింగి రెండు నెలలు దాటింది. ఇంటి యజమాని బాబా పనిమీద లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది ఆయన భార్య మామా, ఆమె ఒక్కగానొక్క కొడుకు మిషారి, ఇద్దరు పనిమనుషులు. రాయచోటి ఆసియా బీది వంట. రాజోలు సువార్తమ్మది మిగతా చాకిరీ అంతా. తోటి తెలుగువాళ్లు చాలామంది బస్సులెక్కి జోర్డాన్ దారి పట్టారు గానీ, వీళ్ల పాస్‌పోర్టులు బాబా బీరువాలోనూ, ఆ బీరువా తాళంచెవి బాబా జేబులోనూ ఉండడం వల్ల వీళ్లు ఎక్కడికీ కదల్లేదు.

"ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్నాడక్కా మా ప్రభువు" అనేది సువార్తమ్మ పప్పు ఏరుతూ.

"చూపిచ్చు మే, చూపిచ్చు. రెండు చెంపలూ వాచినంక ఇల్లు గూడా రాసిచ్చు" అనేది ఆసియా బీ. "జులుం చేసేవాణ్ణి ఆపకుండా చూస్తా కూచ్చునేది గూడా పాపమేనని మా నాయన చెప్తాన్నాడు." ఆమె తండ్రి రాయచోటిలో ఒక చిన్న మసీదులో అజాన్ ఇచ్చేవాడు, పోయినవాళ్లకు స్నానం చేయించేవాడు. ఆయన మాటంటే ఆమెకు రాతిమీద గీత.

"ఆ ఇరాకోళ్లూ మీవోళ్లేగా అక్కా. ఆళ్లూ నమాజు చేత్తన్నారు."

"మీ అమెరికావోళ్లు సౌదీలో దిగినారంట గదా బాంబులేసుకోని. వాళ్లు యా చెంప చూపిచ్చేకి వచ్చినారో అడుగు పో."

ఇద్దరి దెబ్బా సరిగ్గానే తగిలేది. కాసేపు మూతులు ముడుచుకుని, పొయ్యి మీద అన్నం మాడే వాసన రాగానే మళ్లీ కలిసిపోయేవారు. పెద్ద పెద్ద పండితులు తేల్చని సంగతిని వీళ్లు పప్పు ఉడికేలోగా తేల్చాలనుకోవడమే తమాషా.

మిషారికి ఈ వాదనలతో పనిలేదు. ఇరవై దాటిన కుర్రవాడు. తెల్లవారకముందే రంగు డబ్బా పట్టుకుని వెళ్లి, సైనికులకు ఒళ్లు మండే రాతలు గోడల మీద రాసి వచ్చేవాడు. తల్లికి తెలుసు. వద్దని ఒక్కనాడూ అనలేదు.

ఒకరోజు మాత్రం పొద్దెక్కినా రాలేదు. మామా రొట్టెల కోసం జమియా కొట్టు దగ్గర వరుసలో నిలబడి ఉంది. వంటింటి వెనక సందులో తుపాకులు పేలాయి. ఆసియా బీ తలుపు సందులోంచి చూసింది. మిషారి గోడవారగా పడి ఉన్నాడు. తెల్లటి పొడుగు దిష్దాషా చొక్కా ఛాతీ మీద ఎర్రబడుతోంది. సైనికుల జీపు వెళ్లిపోయింది. అతన్ని ఎవరూ ఎత్తకుండా ఒక సైనికుణ్ణి కాపలా పెట్టి వెళ్లారు.

"మాయ్" అన్నాడు మిషారి. నీళ్లడుగుతున్నాడు. "మాయ్, మాయ్."

జులుం గురించి అన్నేసి మాటలు చెప్పిన ఆసియా బీ గడియ మీద చెయ్యి వేసి కూడా దాన్ని తీయలేకపోయింది. సువార్తమ్మ చెంబు నింపుకుని, ఆమెను భుజంతో పక్కకు నెట్టి తలుపు తీసుకుని బయటికి వెళ్లింది.

సైనికుడు తుపాకి ఎత్తి అరిచాడు. సువార్తమ్మకు అరబ్బీ నాలుగు ముక్కలు కూడా రావు. చెంబు పైకెత్తి చూపించి "మాయ్" అంది, అంతే. కింద కూర్చుని మిషారి తల ఒళ్లోకి తీసుకుంది. అతను రెండు మూడు గుక్కలు తాగాడు. ఆమె మొహంలోకి చూస్తూ కాసేపు ఊపిరి తీశాడు. తరువాత తీయలేదు.

ఆమె లేచి చేసిన పని చూసి ఆసియా బీకి మతి పోయింది. చెంబులో మిగిలిన నీళ్లు సైనికుడి ముందు పెట్టింది. వాడు సందు రెండు వైపులా చూసి గటగటా తాగేశాడు. చెంబు తిరిగి ఇచ్చి, సందు చివరికి నడిచి, అటువైపు తిరిగి నిలబడ్డాడు. ఆడవాళ్లిద్దరూ మిషారిని లోపలికి ఈడ్చుకొచ్చారు.

"వానికెందుకిచ్చినావే?" ఆసియా బీ పళ్లు కొరికింది.

"చేతులు వణికిపోతన్నాయక్కా ఆడికి."

"సంపినోడు మే వాడు!"

"తెలుసక్కా" అంది సువార్తమ్మ.

మామా వచ్చింది. కొడుకును చూసి ఏడవలేదు. గోడ పట్టుకుని నిటారుగా నిలబడింది. "నా కొడుకు షహీదు. వీణ్ణి ఎవరూ కడగకూడదు. ఈ రక్తంతోనే, ఈ బట్టలతోనే పంపిస్తాను" అంది. మామూలుగా పోయినవాళ్లకు స్నానం చేయించి కఫన్ గుడ్డ చుడతారు. ధర్మం కోసం హతమైన షహీదుకు స్నానం లేదు, ఆ రక్తమే అతని తరఫు సాక్ష్యం. పరామర్శకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె అదే మాట చెప్పింది. ఆ మాటే ఆమెను పడిపోకుండా నిలబెట్టింది.

మామా అన్నగారు అబూ నాసర్ వచ్చాడు. ఇమాము దేశం దాటిపోయాక ఆ వీధిలో నమాజు చేయిస్తున్నది ఆయనే. "తూటా తగిలాక దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు. "ఏమైనా తాగాడా? అక్కడికక్కడే పోతే సరే. నీళ్లు తాగి పోయినవాడైతే అల్లా దగ్గర షహీదే, కానీ మనం మాత్రం కడగాలి."

ఆసియా బీ తండ్రి చెప్పిందీ అక్షరాలా ఇదే.

"ఏమంటన్నారక్కా?" అంది సువార్తమ్మ.

"నీళ్లు తాగినాడా అని అడుగుతాండాడు. నోరెత్తొద్దు. కిరస్తానీ చేతి నీళ్లతో నా కొడుక్కి ఆ గౌరవం పాయనే అని ఆయమ్మ అనుకుంటే మన గతేమైతాది? పోయేకి దావ గూడా లేదు మనకు."

"తాగేడుగా అక్కా. తాగలేదని నేనెలా చెప్తాను?"

"నువ్వు చెప్పొద్దులే. నేను చెప్తా." ఆసియా బీ ఆయన వైపు తిరిగి అరబ్బీలో చెప్పింది. "లేదు. తాగలేదు. వెంటనే పోయాడు."

అబూ నాసర్ నిట్టూర్చాడు. "అయితే నీ మాటే నిలిచింది చెల్లీ. కడగనక్కర్లేదు."

ఆ మాటకు సంతోషించాల్సిన మామా ఉన్నచోటనే కూలబడిపోయింది. "దాహంతో పోయాడా? లోపల కుళాయి పెట్టుకుని, ఇంటి వెనకాలే నా బిడ్డ నాలుక పిడచగట్టుకుని పోయాడా? అడగలేదా వాడు? ఒక్కరికీ వినపడలేదా?" గుండెలు బాదుకుంటోంది. పొద్దుటి నుంచీ రాని ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది.

ఆసియా బీ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. కొడుకు గౌరవం కాపాడానన్న మాటే తల్లిని కాలుస్తోంది. వినపడిందా అంటే, తనకు వినపడింది. గడియ మీద చెయ్యి పెట్టుకుని మరీ విన్నది. ఆ సిగ్గు ఇక ఓర్చుకోలేకపోయింది.

"తాగాడు మామా" అంది. "భయపడి అబద్ధం చెప్పాను. అడిగాడు. నేను కదల్లేదు. ఈమె వెళ్లి ఇచ్చింది."

ఏడుపు ఆగింది. మామా సువార్తమ్మ మణికట్టు పట్టుకుంది. "ఎన్ని గుక్కలు?"

"రెండో మూడో" అంది ఆసియా బీ.

"చల్లటివేనా?"

ఆసియా బీ అడిగి చెప్పింది. "కుండలోవి మామా. చల్లటివే."

అబూ నాసర్ తల దించుకుని, "మరైతే స్నానం చేయించాలి" అన్నాడు.

"చేయించండి. వాడి లెక్క అల్లా చూసుకుంటాడు. గొంతు తడుపుకుని పోయాడు, నాకంతే చాలు" అంది మామా.

కథ అక్కడితో ఆగితే ఆసియా బీ ఊపిరి పీల్చుకునేది. సువార్తమ్మ ఆగనివ్వలేదు. "ఆ సిపాయికీ ఇచ్చేనని చెప్పక్కా. దాచిపెడితే బాగోదు."

పచ్చిగా నమిలేయాలన్నంత కోపం వచ్చింది ఆసియా బీకి. కానీ ఆ పూటకు అబద్ధం ఒకటి చాలనుకుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మామా సువార్తమ్మ మణికట్టు వదిలేసింది. "నేనైతే ఇచ్చేదాన్ని కాను" అంది. "వాడు గుక్కెడు నీళ్లకు ఏడుస్తూ చావాలని ఇప్పుడు కూడా అల్లాను అడుగుతున్నాను. ఆమెకు అది కూడా చెప్పు."

ఆసియా బీ చెప్పింది. సువార్తమ్మ విని తలూపింది.

వీధిలోని మగవాళ్లు ముగ్గురు వచ్చారు. కుళాయిలో నీళ్లు దారంలా వస్తున్నాయి. పట్టినవి పట్టినట్టు పొయ్యి మీద కాచి బక్కెట్టులో పోశారు. కొడుకు ఎదిగిన మగవాడు కాబట్టి స్నానం మగవాళ్లే చేయించాలి. బక్కెట్టు మోసుకెళుతున్న అబూ నాసర్‌ను మామా గుమ్మంలో ఆపింది. చేతి మీది బట్ట పైకి లాక్కుని మోచెయ్యి దాకా నీళ్లలో ముంచి చూసింది.

"వేడెక్కువైంది. వాడు ఓర్చుకోలేడు" అంది.

ఆసియా బీ వెళ్లి చన్నీళ్లు తెచ్చి కలిపింది.