వనజ కడుపులో ఏముంది?

రెండు గీతలు కనబడగానే సత్యమ్మ తలుపుకు గడియ పెట్టింది.

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడు. నన్నెవ్వరూ ముట్టలే అవ్వా," అంది వనజ.

నెల తప్పి, వాంతులవుతుంటే గర్భం పరీక్ష చేయించింది తల్లి సత్యమ్మే. ఆమె అనుమానం నేరుగా మేనల్లుడు అభిలాష్ మీదికి పోయింది. వనజను వాడికే ఇస్తామని చిన్నప్పుడే అనుకున్నారు. దసరాకు వీళ్ల ఊరు ఎల్లారెడ్డికి వచ్చి వారం ఉండిపోయాడు కూడా. వాడి తండ్రి, తన అన్న పర్శరాములుకు ఫోన్ కొట్టింది.

"మనింటి పిల్లే గదా చెల్లె. ఆదివారం పెండ్లి చేసేద్దాం. దవాఖానకు మాత్రం తోల్కపోకు, పేరు కరాబైతది."

అభిలాష్ తనకేం తెలియదని మొత్తుకున్నాడు. తండ్రి నవ్వాడు. "మొగోళ్లందరూ గట్లనే అంటర్రా."

శుక్రవారం బీడీలు చుడుతూ చుడుతూ వనజ చాట మీదికి ఒరిగిపోయింది. బట్టలనిండా రక్తం. కడుపు పోతున్నదనుకుంది సత్యమ్మ. పోతే పోనీ అని కూడా అనుకుంది. అంతలో వనజ దగ్గింది. అరచేతిలో నెత్తురు.

కడుపు పోతే నోట్లోంచి నెత్తురెందుకొస్తది?

సత్యమ్మ ఆటో పిలిచింది.

కామారెడ్డిలో డాక్టర్ సమీరా స్కానింగ్ చేసి, ఎక్స్‌రే చూసి, సత్యమ్మను పక్కకు పిలిచింది.

"గర్భసంచి ఖాళీగ ఉందమ్మా. పక్కన అండాశయంలో పెద్ద గడ్డ ఉంది. గర్భమొస్తే ఊరే హార్మోన్‌ను ఆ గడ్డే ఊరిస్తున్నది. అందుకే గీతలు పడ్డయి. క్యాన్సరే అనుకుంటున్న. ఊపిరితిత్తులకు పాకినట్టుంది. అరుదైన రకం, తొందరగ పెరుగుతది. కానీ మందుకు లొంగుతది. ఇయ్యాలనే హైదరాబాద్ పోవాలె."

"ఆదివారం పెండ్లుంది మేడం."

"ఆదివారం దాక ఆగితే పిల్ల దక్కదు."

ఫోన్ మోగింది. పర్శరాములు. "పందిరేస్తున్నం, ఏడున్నవ్?"

"విప్పెయ్ అన్నా. పిల్లకు క్యాన్సరంట. అది ఏ తప్పూ చెయ్యలే. పదిమందిల చెప్పు."

"పరువు..."

"పిల్ల పరువు తీసింది నేనే. నా పేరే చెప్పు."

హైదరాబాద్‌లో పరీక్షలన్నీ సమీరా అనుమానాన్నే ఖాయం చేశాయి. ఆపరేషన్‌లో ఆ ఒక్క అండాశయం తీసేశారు. తర్వాత కీమో. వనజ జుట్టు రాలింది. రక్తంలో హార్మోన్ మాత్రం తగ్గుతూ వచ్చింది. ఇంకా పూర్తిగా పోలేదు.

ఒకరోజు సెలైన్ ఎక్కుతుండగా వనజ అడిగింది. "డాక్టరమ్మ చెప్పకుంటే నన్ను నమ్ముతుంటివా అవ్వా?"

అబద్ధం చెప్పడానికి సత్యమ్మకు నోరు రాలేదు.

"నమ్మేదాన్ని కాదు బిడ్డా."

వనజ మొహం గోడవైపు తిప్పుకుంది. కాసేపటికి వాంతి ముంచుకొచ్చింది. సత్యమ్మ బిడ్డ తల పట్టుకుంది. వనజ పట్టుకోనిచ్చింది.