ద్వాళి కొడవలి

జనగామ దిక్కు ఏ వస్తువు చేతిలకు తీసుకున్నా, దాని మీద గాలిల అక్షరాలు లేస్తయి. యుగేందర్ ఫోన్ల ఆడే కత్తులు, రాక్షసుల ఆటల లేచినట్టే. పట్టిన చెయ్యిని బట్టి రాత మారుతది. స్టేషన్ పక్కన పాత ఇనుప సామాన్ల దుకాణం నడిపే చంద్రమౌళికి కోపం ఒక్కటే, అక్షరాలు సన్నగున్నయని. చదివి కుప్పలు పెట్టుడు యుగేందర్ పని.

డిగ్రీ నడిమిట్ల ఇడిసిపెట్టిన యుగేందర్‌కు ఆ రోజు దుకాణంల ఆఖరిది. హైదరాబాద్‌ల గోదాం పని దొరికింది. సాయంత్రం బండి ఎక్కకపోతే ఇంకొకడికి ఇస్తరు.

రఘునాథపల్లి దగ్గరి తండా నుంచి కుమార్ ఇనుప మూట తెచ్చి పడేసి పోయిండు. వరి కోసే మిషన్ వచ్చినంక ఇంట్ల కొడవండ్లెందుకని ఊడ్చుకొచ్చిండు. ఒకటి చంద్రమౌళి తీస్తే 'ఇనుము' అని లేచింది. అదే యుగేందర్ పట్టుకుంటే, 'ద్వాళి కొడవలి. అమ్మరాదు.'

"లారీల ఎయ్‌రా, చూస్తవేంది?" చంద్రమౌళి భుజం పట్టి గుంజిండు. యుగేందర్ నెత్తి మీద అక్షరాలు లేచినయి: 'పనోడు. వాడినది.'

"నాకు గూడ రాస్తదా సేటు?"

"నువ్వేమన్న దేవునివా? ఎయ్యి."

ఆటల 'అమ్మరాదు' అని గుర్తున్న వస్తువును పారేద్దామన్నా పోదు. ఇక్కడ లారీల ఏస్తే పోతది, కరుగుతది. గదే యుగేందర్‌ను ఆపింది. కొడవలి సంచిల పెట్టుకొని బస్సెక్కిండు, హైదరాబాద్‌కు ఎదురు దిక్కు.

తండాల కుమార్ తల్లి పేరే ద్వాళి. యుగేందర్ చేతిలకెల్లి కొడవలి గుంజుకున్నది. అక్షరాలు ఇంటి కప్పు దాటి లేచినయి.

"ఏం రాసుంది బిడ్డ? నాకు సదువు రాదు."

"అన్నీ పేర్లే అవ్వ. చత్రు, శిరీష, గణపతి, కుమార్..."

"దవాఖాన లేని దినాలల్ల నేను బొడ్లు కోసిన పిల్లలు." కొడుకు దిక్కు మర్రింది. "నీ బొడ్డు కోసినదాన్నే అమ్ముకొచ్చినవా, నాలాయక్!"

కుమార్ తల గోక్కున్నడు.

యుగేందర్ పోయొస్తనన్నడు. ద్వాళి అతని ఎడమ చెయ్యి పట్టి కూసోబెట్టింది. నెత్తి మీద మళ్ల అక్షరాలు. యుగేందర్ తల ఎత్తి చూసిండు: 'ఆకలిమీదున్న పిలగాడు.'

ఆమెకు చదువు రాదు గద.

"పొద్దుగాల్నుంచి ఏం తిన్లేదా ఏంది? కుమారూ, జొన్నరొట్టె తే."

పట్టాల దిక్కు హైదరాబాద్ బండి కూత ఇనపడ్డది. జనగామ చేరేటందుకు దానికి ఎంతోసేపు పట్టదు. ద్వాళి ఇంకా చెయ్యి ఇడువలేదు. గుంజుకుంటే అక్షరాలు పోతయి.

యుగేందర్ ఒక్క చేత్తోనే రొట్టె తుంచిండు.