పేరయ్య గారి గుండ్రటి గీత

నేను ఒక బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌ని. ఆ మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకి, నా వారం రోజుల చల్లదనాన్ని రాసిపెట్టిన కాగితం మీద గీత మరీ గుండ్రంగా ఉందని డాక్టర్ మంగతాయారు కనిపెట్టింది.

ఇందులో భయపడాల్సిందేముందని మీరనుకోవచ్చు. ఆమె మాత్రం కుర్చీలో కూలబడింది.

చెబుతాను. నా నెత్తిన గడియారం లాంటి పెట్టె ఒకటుంది. అందులో గుండ్రటి కాగితం వారానికొక చుట్టు తిరుగుతుంది. దాని మీద ఒక ఊదారంగు పెన్ను ముల్లు ఆనుకుని ఉంటుంది. నా కడుపులో చల్లదనం నిలకడగా ఉంటే గీత గుండ్రంగా వస్తుంది. ఎవరైనా తలుపు తీశారా, వెచ్చటి గాలి దూరి ముల్లు చిన్నగా ఎగిరిపడుతుంది. నా తలుపు రోజుకి నలభైసార్లు తీస్తారు. కాబట్టి వారం గీత చేత్తో చుట్టిన జంతికలా గరుగ్గా ఉండాలి. ఇది గాజులా నున్నగా ఉంది. అంటే వారంపాటు నా తలుపు ఒక్కరూ తియ్యలేదు. లేదా ఆ గీత నేను గీసింది కాదు.

నేను గీసింది కాదు. ఎవరు గీశారో నా ఎదురుగానే చూశాను. కానీ నాకున్న గొంతు ఒక్క అలారమే. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచినా, కరెంటు పోయినా కీచుమంటాను. ఎదుటివాడు అబద్ధం ఆడితే కీచుమనే ఏర్పాటు మా కంపెనీ చెయ్యలేదు. చేసి ఉంటే నన్ను ఏ ఆఫీసులోనూ కొనేవారు కాదు.

నేను పుట్టింది పుణె దగ్గర ఒక రేకుల షెడ్డులో. మొదట ఒక నర్సింగ్ హోమ్ కొంది. నా అట్టపెట్టె విప్పకముందే అది మూతపడింది. వేలంలో తాడేపల్లిగూడెం కల్యాణమండపం యజమాని చుండూరి వీర్రాజు నన్ను కూల్‌డ్రింకుల ఫ్రిజ్ అనుకుని పాడుకున్నాడు. సోడాల కోసం తలుపు తీసి వదిలేసేవారు. సరిగ్గా తాళి కట్టే వేళ నేను కీచుమన్నాను. బాజాలవాళ్లు అదే శ్రుతి అనుకుని అందుకున్నారు. అలా మూడు పెళ్లిళ్లు చెడగొట్టాక వీర్రాజు నన్ను రాజమండ్రిలో ఒక ఆస్పత్రికి దానం చేసి, తలుపు మీద ఎర్ర అక్షరాలతో తండ్రి పేరు రాయించాడు: 'కీ.శే. చుండూరి పేరయ్య గారి జ్ఞాపకార్థం'.

ఆ రోజు నుంచి నా పేరు పేరయ్య గారు.

"పేరయ్య గారిలో బి నెగటివ్ ఉందా?" అని ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోను వచ్చేది. చల్లదనం ఒక డిగ్రీ తగ్గితే "పేరయ్య గారికి ఒళ్లు వెచ్చబడింది" అని మెకానిక్‌కి కబురు వెళ్లేది. అసలు పేరయ్య గారు బతికున్న రోజుల్లో ఎవరికీ చుక్క రక్తం ఇచ్చిన మనిషి కాదట. ఇప్పుడు రోజూ ఇస్తున్నాడు.

నా మంచిచెడ్డలు చూసేవాడు టెక్నీషియన్ బుల్లెబ్బాయి. ఇరవై రెండేళ్ల సర్వీసు. మన ఊళ్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లకి డాక్టరు పేరు గుర్తుంటుంది, నర్సు చేతి గాజులు గుర్తుంటాయి. బుల్లెబ్బాయి ఎవరికీ తెలియడు. సంచులు లెక్కపెట్టడం, గ్రూపు చూడటం, రోగి రక్తంతో దాత రక్తాన్ని కలిపి పొసుగుతుందో లేదో తేల్చడం, సోమవారం పొద్దున నా కాగితం మార్చడం అతని పని.

ఆ వారం నా కడుపులో ముప్ఫై ఎనిమిది సంచులున్నాయి. అందులో మూడింటికి పసుపు దారం కట్టి ఉంది. అవి లోవరాజువి.

లోవరాజుకి బుధవారం కిడ్నీ మార్పిడి. కిడ్నీ ఇస్తున్నది అతని అక్క నూకరత్నం, ధవళేశ్వరంలో పూలకొట్టు. మూడేళ్లుగా పదేపదే రక్తం ఎక్కించుకోవడంతో అతని ఒంటికి పరాయి రక్తాన్ని పోల్చుకుని తరిమే గుణం పట్టుకుంది. బుల్లెబ్బాయి తొమ్మిది రోజులు కూర్చుని అరవై సంచులు కలిపి చూశాడు. యాభై ఏడు ముద్దకట్టాయి. మూడు పొసిగాయి. ఆ మూడూ లేకుండా కత్తి పట్టనని సర్జన్ చెప్పేశాడు.

ఇప్పుడు రూలు వినండి. నేను ఆరు డిగ్రీలు దాటకూడదు. వారంలో నా చల్లదనం ఎంతుందో రుజువు లేకపోతే, నా కడుపులో ఉన్నదంతా పారెయ్యాలి.

"ఇప్పుడు నాలుగు డిగ్రీలుంది, సరే. మొన్న శుక్రవారం ఎంతుందో ఎవరు చెబుతారండీ?" అంది మంగతాయారు.

"రిజిస్టరుందిగా మేడమ్" అన్నాడు బుల్లెబ్బాయి.

ఆమె రిజిస్టరు తీసింది. నాలుగు గంటలకొకసారి ఎవరో ఒకరు చేత్తో నా డిగ్రీలు అందులో రాయాలి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాలుగు, నాలుగు, నాలుగు. నన్ను మరమ్మతుకి పంపించిన రెండు రోజులు కూడా నాలుగే. నేను లేని గోడని చూసి రాశారు.

ఆమె రిజిస్టరు మూసేసింది. "కాగితం కింద సంతకం మీదేగా బుల్లెబ్బాయి గారూ?"

"సంతకం నాదేనండి. గీత మాత్రం నాది కాదండి. సోమవారం సాయంత్రం ఇరవై కాగితాలు ముందేశారు, అన్నిటి మీదా చూడకుండా గీకేశానండి. అది నా తప్పే. కానీ ఇలాంటి గీత నేను కల్లో కూడా గియ్యలేనండి."

అప్పుడు వచ్చాడు శేషగిరి. ఆస్పత్రి క్వాలిటీ మేనేజరు. చొక్కా జేబులో నాలుగు పెన్నులు, నోట్లో నలభై రూళ్లు. నా తలుపు మీద పేరయ్య గారి పేరు కింద బోర్డు అంటించింది ఆయనే: 'ఇచ్చట ఆహార పదార్థములు తేరాదు, తినరాదు, తలవరాదు'. గీతలో చిన్న గతుకు కనబడితే చాలు, "ఇదేమిటీ జంతిక?" అంటూ పద్నాలుగు గడుల ఫారం పంపేవాడు. నున్నటి గీత కావాలని పదకొండేళ్లుగా పోరాడుతున్నాడు. తీరా ఇవాళ ఎదురుగా నున్నటి గీత ఉంటే ఆయన ముఖంలో సంతోషం లేదు.

"టెక్నీషియన్ సంతకం ఉంది కాబట్టి టెక్నీషియన్‌దే బాధ్యత" అని అక్కడికక్కడే మెమో రాశాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి బుల్లెబ్బాయి సస్పెండు. పన్నెండుకే సంచులన్నీ చెత్తకి పంపే పసుపు రంగు కవర్లోకి.

బుల్లెబ్బాయి మెమో చదవలేదు. కాగితాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మేడమ్, ఇలా చూడండి. ఇది కంపాస్‌తో గీసింది కాదండి. మధ్యలో బెజ్జం ఉన్న కాగితం కదా, కంపాస్ ముల్లు నిలవదు. ఏదో బోర్లించి చుట్టూ గీశారు. ఇదిగో, ఇక్కడ వేలెడంత మేర గీత లోపలికి నొక్కుకుంది." అతను ఆ నొక్కు మీద గోరు ఆనించాడు. "ఇది క్యారేజీ మూతండి. సొట్టపడ్డ మూత."

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా మోటారు వణుకుతుంది. అన్నట్టు, నేనిప్పుడు జనరేటర్ షెడ్డు వెనక తుక్కులో ఉన్నాను. నా కింది అరలో ఒక నల్ల కుక్క పిల్లల్ని పెట్టింది. దానికి ఏ గ్రూపైనా ఒకటే.

పదిన్నరకి ఆస్పత్రిలోని క్యారేజీలన్నీ నా ముందు వరసకట్టాయి. పందొమ్మిది మంది చేతుల్లో పందొమ్మిది మూతలు. విచారణాధికారి శేషగిరి. ఒక్కో మూతా కాగితం మీద పెట్టడం, "మూత నంబరు ఏడు, సరిపోలలేదు" అని రాసుకోవడం. ఎక్స్‌రే డాక్టరుగారి మూత పళ్లెమంత ఉంది. మేట్రన్‌ది కోడిగుడ్డు ఆకారం. అంబులెన్సు డ్రైవరు మూత గీత మీద అచ్చంగా కూర్చుంది. అతను చేతులు జోడించాడు.

"బాబ్బాబు, నన్నొదిలెయ్యండి. మూత మీద కేసయిందంటే ఇంట్లో ఏం చెప్పనండి?"

"సొట్ట లేదురా, పో" అన్నాడు బుల్లెబ్బాయి.

పందొమ్మిదీ అయిపోయాయి. ఒక్కటీ సరిపోలలేదు.

"మీ మూతో శేషగిరి గారూ?" అంది మంగతాయారు.

"నేను విచారణాధికారిని మేడమ్. పైగా ఇవాళ మంగళవారం, ఉపవాసం."

ఆ సమయానికి వరండాలోంచి నూకరత్నం లోపలికి వచ్చింది. చేతిలో రెండు స్టీలు మూతలూ, ఒక ప్లాస్టిక్ డబ్బా.

"ఏవండీ బాబుగారూ, మూతలు కుదరక ఆపరేసను ఆపేశారంట కదా. ఇదిగో మా మూత. తమ్ముడిదీ తెచ్చాను. ఈ ఇడ్లీల డబ్బా నలుచదరం, అయినా తెచ్చాను, ఏది పనికొస్తదో మనకేం తెలుసు?"

ఆమె మూతలన్నీ శేషగిరి ముందుకు చాపింది.

"చూడండి బాబూ. కిడ్నీయే ఇస్తంటే మూత ఇవ్వనా?"

శేషగిరి ఆ మూతలు తీసుకుని, నిజంగానే ఒకదాని తర్వాత ఒకటి కాగితం మీద పెట్టి చూశాడు. నలుచదరపు డబ్బా కూడా పెట్టాడు. "ఇరవై రెండు... సరిపోలలేదు" అని రాస్తున్నప్పుడు అంకె వంకరపోయింది.

గోడ గడియారం పన్నెండు కొట్టింది.

బుల్లెబ్బాయి నా తలుపు తీశాడు. ముందుగా పసుపు దారం కట్టిన మూడు సంచులూ తీసి బల్ల మీద పెట్టాడు. పసుపు కవరు మూతి విప్పాడు. పెట్టబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"తొమ్మిది రోజులండి మేడమ్" అన్నాడు. "యాభై ఏడు ముద్దకట్టాయండి."

"బయట అరగంట దాటితే ఎలాగూ పనికిరావు. నేను సంతకం పెట్టలేనండీ, ఏం చెయ్యను?" అంది మంగతాయారు. ఆమె కళ్లు తుడుచుకుంది.

నూకరత్నం మూడు సంచుల వైపూ చూస్తోంది. నా తలుపు తెరిచే ఉంది. వెచ్చటి గాలి దూరింది. నిమిషమైంది, రెండు నిమిషాలయ్యాయి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత గట్టిగా నేను కీచుమన్నాను. నిబంధన ప్రకారమే అరిచాను. కానీ శేషగిరి ఒక్కసారిగా చెవులు మూసుకుని, నావైపు తిరిగి, ఇలా అన్నాడు:

"చాలు పేరయ్య గారూ, చాలు! చెప్పేస్తాను. ఆ మూత నాదేనండీ. ఉపవాసమూ లేదు, ఏమీ లేదు. క్యారేజీ నా బల్ల సొరుగులో ఉంది, ఇవాళ వంకాయ కూర. నిన్న సోమవారం పదకొండింటికి ఇక్కడే, ఈ బల్ల దగ్గరే కూర్చుని తిన్నాను. రెండేళ్లుగా ఇక్కడే తింటున్నాను. నా గదిలో ఏసీ లేదు మేడమ్. ఈ ఆస్పత్రిలో చల్లగాలి మనుషులకి లేదు, సంచులకే ఉంది. నిన్న కొత్తావకాయ కలుపుకుంటుంటే గిన్నె ఒరిగింది. నూనె బుల్లెబ్బాయి తీసిపెట్టిన కాగితం మీద పడింది. తినకూడదని బోర్డు రాసినవాణ్ణి నేను, ఆవకాయ నాది! బుర్ర పనిచెయ్యలేదు. కొత్త కాగితం మీద మూత బోర్లించి చుట్టూ గీసేశాను. ఎంత అందంగా వచ్చిందనీ! అంత అందంగా రాకూడదని నాకు తెలీదండీ. అసలు కాగితం చించలేదు. ఏ రికార్డయినా అయిదేళ్లు దాచాలని రూలు, అది రాసిందీ నేనే. ఇదిగో, జేబులోనే ఉంది. కారం అంటుకుంది గానీ గీత కనబడుతోంది, చూడండి. శుక్రవారం ఇదీ. శనివారం ఇదీ. ఎక్కడా అయిదు దాటలేదు. పేరయ్య గారు నిజమే రాశారు. బుల్లెబ్బాయ్, చూస్తావేం, సంచులు లోపల పెట్టవయ్యా, ఆరు నిమిషాలైంది! అమ్మా నూకరత్నం గారూ, మీ మూతలు మీరు పట్టుకెళ్లండి, రేపు తమ్ముడికి ఆపరేషన్. ఆ మెమో ఇటివ్వు బుల్లెబ్బాయ్. నీ పేరు కొట్టేసి నా పేరు రాసుకుంటాను. ఇదిగో, కొట్టేస్తున్నాను, గీత వంకరగా వస్తోంది... రానీ. అసలు గీత అలాగే ఉంటుందటగా."