నరసింహం అంకుల్ నూట ఇరవై డాలర్ల చదివింపు

మా పెళ్లయి నాలుగు నెలలు. ఇక్కడే, అమెరికాలో పుట్టి పెరిగిన నిశాంత్, నా చీర కుచ్చిళ్లు నేల మీద కూర్చుని సర్దడం నేర్చుకున్నాడు. ఆ సంతోషంలో లోకంలో ఎవరినైనా క్షమించగలను, నరసింహం అంకుల్‌ని తప్ప.

మోరిస్‌విల్‌లో బ్లౌజు కావాలంటే కొలతలు హైదరాబాద్‌కి పంపాలి. రెండు నెలలకి వస్తుంది. చేతులు పట్టవు. అందుకే బ్లౌజుల షాపు నేనే పెడదామని నలుగురి దగ్గరా పెట్టుబడి పోగుచేసేందుకు ఆన్‌లైన్‌లో క్రౌడ్‌ఫండింగ్ పేజీ తెరిచాను. అరవై డాలర్లు ఇచ్చినవాళ్లకి ఎంబ్రాయిడరీ బ్లౌజు ఒకటి. డిసెంబర్ మొదటి వారంలో తొమ్మిది వేలు ఖాతాలో పడ్డాయి. ఆ రోజు ఒకే కప్పు ఐస్‌క్రీమ్ కొని, కార్‌లో హీటర్ పెట్టుకుని, రెండు స్పూన్లతో తిన్నాం.

ఆదివారం, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆ మాట చెప్పి, దీనికి టాక్స్ ఎంత పడుతుందో అనగానే అంకుల్ ప్లేటు పక్కన పెట్టారు. ఆయన రిటైరైన ఇంజనీరు. ఈ దేశానికొచ్చి యాభై ఏళ్లయింది కాబట్టి, ఇక్కడి చట్టాలన్నీ తనని అడిగే రాశారని ఆయన నమ్మకం.

"టాక్సా? దేనికమ్మా? కొత్త జంటకి నలుగురూ చదివించారు. గిఫ్ట్‌కి టాక్స్ ఉండదు. హాయిగా ఖర్చు పెట్టేయండి."

"ఏడు వేలు ఎంబ్రాయిడరీ మెషిన్‌కి అంకుల్. అది జనవరిలో వస్తుంది. మిగతా రెండు వేలు షాపు అద్దెకి."

"ఇంకేం! నేనూ నూట ఇరవై ఇచ్చాగా. డొనేషన్ కింద నా టాక్స్‌లో చూపించేస్తున్నాను."

అంతలో ఆయన భార్య ప్రమోద ఆంటీ పులిహోర గిన్నెతో వచ్చారు. "నమ్రతా, మా రెండు బ్లౌజులు ఎప్పుడిస్తావే? ఆకుపచ్చదానికి వెనక తాళ్లు పెట్టు. ఆల్టరేషన్ ఫ్రీయేగా?"

అవే నూట ఇరవై డాలర్లు మాకు కానుక, అంకుల్‌కి విరాళం, ఆంటీకి రెండు బ్లౌజులు. పాపం, ఒక్క పూటలో ఇంత చాకిరీ చేసిన డాలర్లు ఇంకెక్కడా ఉండవు.

"అంకుల్, వెయిట్," అన్నాడు నిశాంత్. "ఆంటీ బ్లౌజ్ అడుగుతుంది కదా. అది గిఫ్ట్ ఎలా అవుతుంది?"

"నువ్విక్కడ పుట్టినవాడివిరా. మన పద్ధతులు నీకేం తెలుసు!"

మన పద్ధతులు తెలిసిన పెద్దమనిషిని వదిలేసి, మర్నాడే వేద అనే అకౌంటెంట్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మా పేజీ ఒక్కసారి చూసింది.

"బ్లౌజు ఇస్తామని తీసుకున్నారు. అంటే అమ్మకం, డబ్బు ముందు వచ్చిందంతే. ఇది ఇన్‌కమ్. ఈ మూడు వందలు ఎవరివి?"

"మా కృష్ణకుమారి పిన్ని పంపింది. ఏమీ వద్దంది."

"అదొక్కటే గిఫ్ట్. మెషిన్ జనవరిలో వస్తే దాని ఖర్చు వచ్చే ఏడాదికి పోతుంది. ఈ ఏడాది దాదాపు మొత్తం మీద టాక్స్ పడుతుంది. మీ జీతాలతో కలిపితే మూడు వేల పైనే."

షాపు అద్దె అక్కడే పోయింది. నా మొహం చూసి వేద నవ్వింది. "టాక్స్ ఏడాది డిసెంబర్ ముప్పై ఒకటితో అయిపోతుంది. ఆలోపు మెషిన్ తెచ్చి, పని మొదలుపెట్టి, కొందరికైనా బ్లౌజులు ఇచ్చేయండి. అప్పుడు ఆ ఖర్చు ఈ ఏడాదే తీసేయొచ్చు."

ఇరవై ఎనిమిదిన ట్రక్కు అద్దెకి తీసుకుని, ఆ కంపెనీ గోడౌన్ ఉన్న షార్లెట్ ఊరికి వెళ్లి మెషిన్ మేమే తెచ్చుకున్నాం. ట్రక్కులో ముందు సీటు ఒకటే, పొడుగ్గా ఉంది. దారంతా నిశాంత్ భుజానికి ఆనుకుని కూర్చున్నాను. హనీమూన్‌లో విమానం సీటు ఇంత సుఖంగా లేదు.

ముప్పై ఒకటి ఉదయానికి ఎనిమిది బ్లౌజులు సిద్ధం. ఆకుపచ్చదానికి తాళ్లు పెట్టి, రసీదు జతచేసి, ముందుగా అంకుల్ ఇంటికే వెళ్లాం.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "బ్లౌజులు రెండు, అమ్మకం... ఇదేంటమ్మా? మరి నా డొనేషన్?"

"డొనేషన్ అయితే బ్లౌజులు వెనక్కి ఇచ్చేయాలి అంకుల్."

"ఇవ్వను!" లోపల అద్దం ముందు నుంచి ఆంటీ అరిచారు. "చేతులు ఎంత బాగా పట్టాయో! మీరు ఊరుకోండి."

అంకుల్ గొంతు తగ్గింది. "సరేలే. సేల్స్ టాక్స్ అదీ వేయలేదుగా?"

"వేశాను అంకుల్. అమ్మకం కదా. ఎనిమిది డాలర్ల డెబ్బై సెంట్లు."

కొత్త జంటకి చదివించిన ఆ చేత్తోనే ఆయన పది డాలర్ల నోటు తీసి ఇచ్చి, చిల్లర కోసం చెయ్యి చాచి నిలబడ్డారు.