ఓపల్ తలకి కోసిన కారు

"ఇందులో మనిషి పట్టడు," అన్నాడు డ్వైట్ ఎంగ్‌స్ట్రామ్. కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటుకీ కప్పుకీ మధ్య కొలిచి, చేతిలోని తనిఖీ కాగితం మీద అడ్డగీత గియ్యబోయాడు.

"గీశావో, ఆ చెయ్యి విరుస్తా," అంది ఓపల్ టాకెట్.

అరవై ఒక్కేళ్ళ మనిషి. టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు నిలబడి అరిగిపోయిన కాళ్ళు. తమ్ముడు వర్జిల్ ట్రక్కు వెనక కట్టుకుని, ఆ ముప్ఫైనాలుగు మోడల్ కూపేని, రెండు తలుపుల కారుని, బేకర్స్‌ఫీల్డ్ నుంచి మొహావీ ఎడారిలో కార్ల వేగం పందేలు జరిగే ఈ ఎండిన చెరువు దాకా తెచ్చింది. తనిఖీ దాటితే ఒక్క పరుగు. దాటకపోతే మళ్ళీ కట్టుకుని ఇంటికి పోవడమే. కంట్లో పొర ముదురుతోంది. వచ్చే ఏడు స్టీరింగు ముట్టుకోనివ్వనని డాక్టరు ముందే చెప్పేశాడు.

ఆ కారుని కట్టింది అక్కాతమ్ముళ్ళిద్దరూ. పంతొమ్మిది వందల నలభైతొమ్మిదిలో పాత ఇనప కొట్లో ఇంజను లేకుండా దొరికింది. మడ్‌గార్డులు పీకేశారు. గుద్దుకుని నుజ్జయిన లారీలోంచి వీ-ఎయిట్ ఇంజను తెచ్చి బిగించారు. గాలిని చీల్చుకుపోవాలని కప్పు కోసి నాలుగంగుళాలు కిందికి దించారు. అతుకుల్లో సీసం కరిగించి పూసింది మాత్రం ఓపలే. వర్జిల్‌ది తొందర చెయ్యి, సీసమంతా నేల మీదికి కారిపోయేది. ఇంత చేశాక, ఆడది చెరువు మీద బండి తోలకూడదంది పందేలు నడిపే క్లబ్బు. రెంచి పట్టడానికి ఆడది పనికొస్తుంది, శాండ్‌విచ్‌లు చుట్టడానికి పనికొస్తుంది, పరుగుకి పనికిరాదు! అంత సిగ్గుమాలిన రూలు ఆవిడ పనిచేసిన ఫ్యాక్టరీలో కూడా లేదు. ఆ కారు పరిగెత్తిన పదేళ్ళూ, వేగాలు రాసే పలక మీద పేరు వర్జిల్‌దే.

అయినా ఆ రోజులంటే ఆవిడకి ప్రాణం. తెల్లారకముందే లేచి రావడం, ఫ్లాస్కు మూతలో పంచుకున్న కాఫీ, చల్లటి పొద్దున మొదటి ఇంజను అంటుకోగానే పక్కటెముకల్లో పుట్టే వణుకు. మనసు న్యాయం అడిగి ప్రేమించదు కదా.

ఆ రూలు ఇప్పుడు చచ్చింది. డ్వైట్ మాత్రం బతికే ఉన్నాడు.

"పోట్లాడకు ఓపల్," అన్నాడు. "హెల్మెట్‌కీ పైన ఇనప చట్రానికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. ఇందులో వర్జిల్ పదేళ్ళూ మెడ పక్కకి వాల్చే తోలాడు. నా కళ్ళతో చూశా."

ట్రక్కు మెట్టు మీద కూర్చున్న వర్జిల్ పకపకా నవ్వాడు. "ఎందుకు వాల్చానో తెలుసా? కప్పు కోసేముందు తోలేవాణ్ణి సీట్లో కూర్చోబెట్టి తల కొలుస్తాం కదా? ఆవేళ గ్యాసు కట్టరు నా చేతిలో ఉంది. సీట్లో కూర్చుంది అక్క."

డ్వైట్ నోరు తెరిచాడు. "చూసుకోలేదూ?"

"కోసి, అతికి, సీసం పూశాక ఎక్కి చూసుకున్నా. నెత్తి టంగుమంది."

"నాక్కూడా చెప్పలేదేంరా సన్నాసీ!" అంది ఓపల్. "నలభై ఏళ్ళుగా అది నీ పోజనుకున్నా!"

"పోజే అనుకోనిచ్చా. చెబితే క్లబ్బంతా నవ్విపోదూ?"

"ఓరి నీ!" అన్నాడు డ్వైట్. "అది చూసి నేనూ మెడ వాల్చే తోలాను. రెండేళ్ళు! నా బండికసలు కప్పే లేదు!"

ఓపల్ నవ్వలేదు. హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్ళ నొప్పిని తిట్టుకుంటూ లోపలికి దూరి, నిటారుగా కూర్చుంది. డ్వైట్ వేళ్ళు పెట్టాడు. రెండూ దూరాయి. మూడోది ఇరుక్కుంది. కాగితం మీద సంతకం పెట్టాడు.

జెండా ఊగింది. కాలు అదిమింది. ముందద్దం సన్నని చీలికలా ఉంది, అందులో తెల్లటి నేల, దాని మీద నీలం. అంతే. పదేళ్ళూ ఆవిడ చూసింది తమ్ముడి బండి వెనక లేచిన దుమ్మునే. ముందు ఇంత శుభ్రంగా ఉంటుందని ఆవిడకి ఎవడూ చెప్పలేదు. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, కాలు మాత్రం తియ్యలేదు.

చెరువు చివర బండి ఆగేసరికి వర్జిల్ ట్రక్కు వేసుకొచ్చాడు.

"గంటకి నూట పధ్నాలుగు మైళ్ళక్కా! నా నూట ఇరవైకి ఇంకా ఆరు తక్కువే. దిగు, తాడు కడతా."

ఓపల్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"తాడు దాచుకోరా," అంది. "దీన్ని నేనే తోలుకొస్తా. నువ్వు వెనకాల రా."