రెండు డిప్పులు

సొన్నప్పకు మాటలు తక్కువ. ఆయన పలకరింపంతా ఎడమకాలిలో ఉంటుంది.

ఆయనది పాతకాలం జీపు. క్లచ్చు పక్కన, నేల మీద, ఇనప గుండీ ఒకటి ఉంటుంది. కాలితో తొక్కితే లైటు కిందికి వాలుతుంది, మళ్ళీ తొక్కితే పైకి లేస్తుంది. ఆ ఒక్కో తొక్కుడునే డిప్పు అంటారు. హొసకోటె ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఆడవాళ్ళను రోజూ మునిమాపు వేళ ఆ జీపులోనే ఊళ్ళకు చేరుస్తాడు. దారిలో చెరువుకట్ట మీద నరసింహప్ప ఎదురవుతాడు. సొన్నప్ప భార్య అలివేలుకు సొంత అన్న. మోపెడ్‌కు అటొకటి ఇటొకటి పాలక్యాన్లు కట్టుకుని డెయిరీకి పోతుంటాడు. అతను కనబడగానే సొన్నప్ప గుండీని రెండుసార్లు తొక్కుతాడు. జీపు తల ఊపినట్టు ఉంటుంది. నరసింహప్ప హారన్ రెండుసార్లు కీచుమంటుంది. ఏళ్ళ తరబడి బావలిద్దరి మాటామంతీ అంతే.

"లోకానికి మాట నోట్లో ఉంటాది. ఈయప్పకు కాల్లో ఉండాది" అని అలివేలు ఎగతాళి చేసేది.

ఈ మధ్య ఆ లైట్లు గుడ్డివైపోయాయి. నిదానంగా పోతే ఆముదపు దీపం, జోరుగా పోతే లాంతరు. ఒకరోజు సన్నగా తుంపర పడుతోంది. పాలుపోసి ఇంటికి తిరిగి పోతున్న నరసింహప్ప జీపుకు ముందు ఉన్నాడు. అతని మోపెడ్‌కు వెనక దీపమనేదే లేదు. క్యాన్లు బంపరుకు జానెడు దూరంలోకి వచ్చాకగానీ సొన్నప్పకు మనిషి కనబడలేదు. బ్రేకు తొక్కితే వెనకున్న ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"లైటు లేదా బావా నీ బండికి?" అని సొన్నప్ప అరిచాడు.

"నీకుండాదా?" అన్నాడు నరసింహప్ప, నవ్వుతూ.

ఆ సంగతి అలివేలు చెవిన పడింది. ఆమె నవ్వలేదు. "ఒకనాడు మా అన్నను నీ చక్రం కింద ఏసుకుంటావు. ఆ దినం నుంచి నేనీ ఇంట్లో ఉండను, చెప్తా ఉండా" అంది. ఆ మాట సొన్నప్పకు ముల్లులా దిగింది. కళ్ళు మూస్తే బంపరు ముందు పాలక్యాన్లే కనబడేవి.

కె.ఆర్. పురంలో తెలిసిన ఎలక్ట్రీషియన్ మునిరాజు దగ్గరికి బండి తీసుకుపోయాడు. అతను బానెట్టు ఎత్తి, వైరు పట్టుకు చూసి పెదవి విరిచాడు.

"బల్బుది కాదప్పా తప్పు. వైర్లు ముసలివైపోయినాయి. బ్యాటరీలో బయలుదేరిన కరెంటు దీపం దాకా పోయేలోగా సగం దారిలోనే కూలబడతా ఉండాది. కరెంటు నేరుగా దీపానికి అందేట్టు లావు వైరు లాగి రిలే పెట్టల్ల. ఇంగోటి, నీ బండికి అర్తే లేదు. అర్తు వైరు బాడీకి బిగించిన చోటంతా తుప్పు తినేసింది. రెండు దినాలు ఇడిసిపో."

ఇంటికి వచ్చి చెబితే అలివేలు, "బండికి అర్తం లేదని కె.ఆర్. పురం దాకా పోయి తెలుసుకోవల్లనా? దాని యజమానికే లేదే!" అంది.

రెండు రోజులు బండి నిలిపితే ఆడవాళ్ళు చీకట్లో కట్ట మీద నడవాలి. ఆగడానికి సొన్నప్పకు మనసు కూడా లేదు, గుండెల్లో అంత గుబులు. మర్నాడు పొద్దున్నే బండి సామాన్లమ్మే జె.సి. రోడ్డుకు పోయాడు. అక్కడ షాపతను అరచేతిలో పట్టేంత బల్బులు రెండు తీసి చూపించాడు.

"ఇవి హాకిసండి అంకల్, బిగించుకుంటే చాలు. వైరింగ్ గియరింగ్ ఏమీ ముట్టుకోబన్లే. రాత్రి పగలైపోతాది."

టీ తాగి వచ్చేలోగా బిగించేశాడు. ఎదురుగా ఉన్న గోడ సున్నం కొట్టినట్టు తెల్లబడింది. సొన్నప్పకు గుండె మీది బండ దించినట్టయింది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు కేకలేశారు. "సొన్నన్న జీపుకు పెండ్లికళ వచ్చిందే!" అని ఒకామె అంటే అందరూ పాటందుకున్నారు. కట్ట మీదికి ఎక్కగానే, అల్లంత దూరాన, పాలక్యాన్లు మెరుస్తూ కనబడ్డాయి. ఇంత దూరం నుంచి బావను ఆయన ఏనాడూ చూసింది లేదు. ఇంక నా చక్రం కింద పడడు అనుకున్నాడు. సంతోషంతో గుండీని గట్టిగా, రెండుసార్లు తొక్కాడు. అంత తెలుపులో లైటు వాలిందో లేదో ఆయనకు పట్టలేదు. హారన్ వినబడలేదు. వెనక పాటల గోల. అద్దంలో చూశాడు, చీకటి. ఆ మోపెడ్‌కు వెనక దీపం ఎప్పుడుంది గనక?

అన్నం తినే వేళకు ఫోను వచ్చింది. నరసింహప్ప కట్ట మీంచి రాళ్ళలోకి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ మోపెడ్ ఎక్కే మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. కట్ట అవతల కొత్తగా లేచిన విల్లాల కారువాడెవడి పనో అని ఊరంతా శాపనార్థాలు పెట్టింది. సొన్నప్ప కూడా పెట్టాడు.

ఆస్పత్రిలో నరసింహప్ప పైకప్పు చూస్తూ చెప్పాడు. "తెల్లగా వచ్చింది బావా, మొగం మీద సున్నం చల్లినట్టు. కన్ను మూసి తెరిచేలోగా మళ్ళీ కొట్టినాడు. రెండు తూర్లు. జరుగు పక్కకు అన్నట్టు. జరిగినా. జరిగితే అక్కడ కట్ట లేదు."

సొన్నప్ప తన ఎడమకాలి వంక చూసుకున్నాడు.

"నీ బండికోసమే చూస్తా పోతా ఉంటిని" అన్నాడు నరసింహప్ప. "నువ్వైతే మెల్లగా రెండు డిప్పులిచ్చి పోయేటోడివి."

మరునాడు పొద్దు గుంకాక సొన్నప్ప ఇంటిముందు జీపు నిలిపి అలివేలును సీట్లో కూర్చోబెట్టాడు. "ఆ గుండీ రెండు తూర్లు తొక్కు" అని చెప్పి, రోడ్డు మీద ఎదురుగా పోయి నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆ లైటు వెనక కూర్చున్నాడేగానీ, దాని ముందు నిలబడింది అదే మొదలు. ఆమె తొక్కింది. కంట్లో సూదులు గుచ్చినట్టయింది. వాలిన లైటు, లేచిన లైటు రెండూ ఒకటే. తన చెయ్యి తనకు కనబడలేదు. పక్కకు ఒక అడుగు వేశాడు, కాలు రోడ్డు పక్క మురుగు మోరీ అంచున జారింది.

"ఏమైందప్పా?" అంటూ అలివేలు దిగింది.

మోరీ గట్టు మీదే కూర్చున్నాడు. "మీ అన్నను పడేసింది నేనే" అన్నాడు.

అలివేలు లైట్ల వంక చూసింది. లోపలికి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. "మా అన్న ఇంట్లో ఆవుల్ని పిండేదానికి ఎవరూ లేరు" అని మాత్రం అంది.

ఆయన బల్బులు ఊడదీసి జేబులో వేసుకుని ఆస్పత్రికి పోయాడు. మంచం మీద పెట్టి, జరిగింది చెప్పాడు. ఆయన జన్మలో ఒక్క ఊపున అన్ని మాటలు ఎన్నడూ ఆడలేదు. నరసింహప్ప ఒక బల్బు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు.

బల్బు మంచం మీద పెట్టి, "అయితే నన్ను పలకరించినావా?" అన్నాడు.

సొన్నప్ప తల ఊపాడు.

"తల ఊపొద్దు. నోటితో చెప్పు."

"పలకరించినా బావా."

నరసింహప్ప ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "ఇంగ నన్ను పలకరించాలంటే బండి ఆపి, దిగొచ్చి, నోటితో పలకరించు" అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు.

జీపు మునిరాజు దగ్గర రెండు రోజులు ఉంది. లావు వైర్లు, రిలే, తుప్పు గీకి బిగించిన అర్తు, బల్బు వెనక అద్దంలా మెరిసే కొత్త గిన్నెలు, మామూలు బల్బులు. ఎదురుగా నిలబడి చూసుకున్నాకే సొన్నప్ప తాళంచెవి అందుకున్నాడు. ఇప్పుడు లైటు పచ్చగా, రోడ్డు మీద చాప పరిచినట్టు పడుతుంది. ముందే ఆగి ఉంటే ఈ లైటే దొరికేది. కట్ట మీద పాలక్యాన్లు ఎదురుకావు. కాలు మాత్రం గుండీ మీదికి పోతుంది. వెనక్కి లాక్కుంటాడు.

ఆస్పత్రి నుంచి నరసింహప్ప ఇంటికి వచ్చాడు. రోజూ ఆ ఇంటిముందు సొన్నప్ప జీపు ఆపుతాడు. ఆడవాళ్ళు "ఆలస్యమైతా ఉండాదన్నా" అని గొణుగుతారు. ఆయన దిగి వాకిట్లో మంచం దగ్గర నిలబడతాడు.

"ఎట్లుండావు బావా?"

ఒకో రోజు జవాబు వస్తుంది. ఒకనాడు రాలేదు. కొట్టంలోంచి, "అన్నా, అడుగుతా ఉండాడు, పలుకు" అంది అలివేలు. తర్వాత చెంబులో పాలధార పడే చప్పుడే వినిపించింది.

సొన్నప్ప కదలలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అడిగాడు.